మంచును బట్టి స్కీ



చలికాలంలో కాశ్మీరు వెళ్లే తెలుగువారు గుల్మార్గ్ చూడకుండా తిరిగిరావడం అరుదు. గొండోలా అనే కేబుల్ కారు ఎక్కుతారు, మంచులో ఫొటోలు దిగుతారు. వెంట కుర్రవాళ్లుంటే స్కీయింగ్ నేర్చుకుంటామని పట్టుబడతారు. సియాటెల్, డెన్వర్ ప్రాంతాల్లో స్థిరపడ్డ మనవాళ్లలో చాలామందికి ఈ ఆట ఇప్పటికే పరిచయం. కొత్తగా నేర్చుకునేవారికి మొదట వచ్చే సందేహం ఒకటుంది. సన్న స్కీ మంచిదా, వెడల్పు స్కీ మంచిదా? వెడల్పుగా ఉంటే నిలకడ ఎక్కువని, పడే భయం తక్కువని చాలామంది అనుకుంటారు. ఆ మాట ఒక రకం మంచులో నిజం. మరో రకం మంచులో అబద్ధం. ఎక్కడ నిజమో, ఎక్కడ అబద్ధమో ఈ ప్రసంగంలో చూద్దాం.

ముందు కొలత సంగతి. స్కీ వెడల్పును బూటు కింద, అంటే స్కీ నడుము దగ్గర కొలుస్తారు. లెక్క మిల్లీమీటర్లలో చెబుతారు. గుంజల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలం పోటీల్లో వాడే స్కీ నడుము సుమారు 65 మిల్లీమీటర్లు. చదును చేసిన వాలుకూ, దాని పక్కనున్న మెత్తని మంచుకూ పనికొచ్చే స్కీలు 80 నుంచి 100 దాకా ఉంటాయి. 110 దగ్గర మొదలై 120, 130 వరకు పోయేవి పౌడర్ స్కీలు. పౌడర్ అంటే కొత్తగా కురిసి, ఇంకా ఎవరూ తొక్కని పొడి మంచు.

వెడల్పు స్కీ నిన్న మొన్న పుట్టింది కాదు. మధ్య ఆసియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో వేటగాళ్లు వెడల్పాటి చెక్క స్కీల అడుగున గుర్రపు తోలు అతికించుకుని, చేతిలో ఒకే ఒక కర్రతో, లోతు మంచులో తరతరాలుగా తిరిగారు. యూరప్, అమెరికాల్లో రిసార్టులు పెరిగి, యంత్రాలతో మంచును అణచి చదును చేయడం మొదలయ్యాక సన్న స్కీదే రాజ్యమైంది. గట్టి మంచు మీద పోటీలు పెట్టుకునేవారికి అదే కావాలి.

1980ల చివర ఆస్ట్రియాలో అటామిక్ కంపెనీ ఇంజనీరు రూపర్ట్ హుబర్ ఒక స్నోబోర్డును నిలువునా కోసి రెండు స్కీలుగా వాడి చూశాడని చెబుతారు. ఆ దారిలో వచ్చిన పౌడర్ ప్లస్ స్కీకి జనం పెట్టిన ముద్దుపేరు ఫ్యాట్ బాయ్. కెనడాలో అతిథులను హెలికాప్టర్లలో కొండల మీదకు చేర్చే సంస్థలు దాన్ని ఇష్టంగా అందుకున్నాయి. లోతు మంచులో అరపూటకే తొడలు పట్టేసి కూలబడే అతిథులు సాయంత్రం దాకా దిగగలిగారు మరి.

ఆ తర్వాత చెప్పుకోవలసిన పేరు షేన్ మెకాంకీ. నీళ్ల మీద స్కీయింగుకు వాడే పలకలకు బైండింగులు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే సాధనాలు, బిగించి, అలాస్కా కొండల మీద నుంచి దిగి చూపించిన మనిషి. ఆయన ఆలోచనతో 2002లో వొలాంట్ కంపెనీ స్పాచులా అనే స్కీని తెచ్చింది. దాని నడుము దాదాపు 125 మిల్లీమీటర్లు. మామూలు స్కీకి నడుము సన్నం, కొసలు వెడల్పు. స్పాచులాకు నడుమే వెడల్పు, కొసలు సన్నం. మామూలు స్కీని నేల మీద పెడితే మధ్యభాగం కాస్త పైకి లేచి ఉంటుంది. స్పాచులాకు కొసలు పైకి లేచి ఉంటాయి. మెకాంకీ 2009లో ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో ప్రమాదంలో పోయాడు. ఆయన పట్టుబట్టి తెచ్చిన ఆ పైకి లేచిన కొసలను రాకర్ అంటారు. ఇవాళ పౌడర్ స్కీ ఏది తీసుకున్నా రాకర్ ఎంతో కొంత ఉండి తీరుతుంది.

ఇంతకీ వెడల్పు చేసే పని ఏమిటి? కొత్తగా పడిన పొడి మంచులో ఎక్కువ భాగం గాలే. ఒక ఘనపు మీటరు పొడి మంచు తూస్తే యాభై నుంచి వంద కిలోలు. యంత్రాలు అణచిన వాలు మీద అదే ఘనపు మీటరు నాలుగైదు వందల కిలోలు. నీరైతే వెయ్యి. ఇప్పుడు సామానుతో కలిపి ఎనభై కిలోల మనిషిని తీసుకోండి. ఉత్త బూట్లతో పొడి మంచులో దిగితే నడుము దాకా కూరుకుపోవచ్చు. సగటున 80 మిల్లీమీటర్ల వెడల్పు, 180 సెంటీమీటర్ల పొడవు ఉన్న స్కీల జత మీద నిలబడితే చదరపు మీటరుకు సుమారు 280 కిలోల బరువు పడుతుంది. అదే పొడవులో 120 మిల్లీమీటర్ల జత మీదైతే 185 కిలోలు. మంచు మీద భారం మూడోవంతు తగ్గింది. వెడల్పు ఇచ్చే లాభమంతా ఈ లెక్కలోనే ఉంది.

నష్టం కూడా అక్కడే ఉంది. మన పల్లెల్లో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ తగిలిస్తారు. బురద మడిలో అవి దిగబడకుండా బండిని నడిపిస్తాయి. అదే బండి తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడు, బండీ అదుపు తప్పుతుంది. పౌడర్ స్కీ సంగతీ అంతే.

కొండ మీద చిక్కేమిటంటే, బురద మడి ఎక్కడ అయిపోయి తారు రోడ్డు ఎక్కడ మొదలవుతుందో ముందుగా తెలియదు. ఒకే దిగుడులో అన్ని రకాల మంచూ తగలవచ్చు. అందుకు గుల్మార్గ్‌ను మించిన ఉదాహరణ దొరకదు. గుల్మార్గ్ పచ్చిక బయలు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. 1998లో మొదలైన గొండోలా తొలి దశ 3,100 మీటర్ల దగ్గరున్న కొంగ్‌డూరికి చేరుస్తుంది. 2005లో మొదలైన రెండో దశ అఫర్వట్ పర్వతం భుజం మీదకు, 3,950 మీటర్ల పైచిలుకు ఎత్తుకు తీసుకెళ్తుంది. మంచు బాగా పడిన రోజుల్లో అనుభవమున్నవారు అక్కణ్నుంచి అడవిలో పడి 2,100 మీటర్ల దగ్గరున్న తంగ్‌మార్గ్ దాకా దిగుతారు. మొత్తం దాదాపు 1,800 మీటర్ల దిగుడు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు మంచు కురిపించి వెళ్లిన మర్నాడు, ఆకాశం తేటపడ్డాక, మనమూ ఊహలో ఆ దారిన దిగుదాం.

పైన మొదటగా తగిలేది ఎవరూ తొక్కని పొడి మంచు. వెడల్పు స్కీకి ఇది సొంత ఊరు. సన్న స్కీ ఇక్కడ లోపలికి దిగబడుతుంది. అది పైకి తేలాలంటే వేగం కావాలి. వేగానికి భయపడి మనిషి వెనక్కి వాలతాడు. వెనక్కి వాలితే తొడల మీద భారం పడుతుంది, ముందుకొస మాట వినదు. వెడల్పు స్కీ తక్కువ వేగంలోనే తేలుతుంది. ముందుకొస రాకర్ వల్ల మంచు పైకి తానే ఎక్కి వస్తుంది. కాబట్టి పాదాల మధ్యలో నిటారుగా నిలబడవచ్చు. మలుపు తిప్పడానికి అంచు కోసుకుపోనక్కర్లేదు, స్కీని కాస్త పక్కకు జార్చితే చాలు. చెట్ల మధ్య చటుక్కున తిరగాల్సి వచ్చినప్పుడు ఈ జారుడే కాపాడుతుంది.

ఒక్క షరతు. మంచు లోతుగా ఉండాలి. గట్టి నేల మీద జానెడు కూడా లేని పొడి మంచులో ఎంత వెడల్పు స్కీ అయినా అడుగునున్న గట్టి పొరను తాకుతుంది. అప్పుడు తేలే సుఖం ఉండదు, గట్టి మంచు కష్టాలన్నీ ఉంటాయి.

శిఖరం అంచున గాలి తగిలే చోట మంచు తీరు వేరు. గాలి మంచు రేణువులను విరగ్గొట్టి, దగ్గరగా పేర్చి, గట్టిపడిన పలకగా చేస్తుంది. పైపొర సమంగా ఉంటే వెడల్పు స్కీ దాని మీద హాయిగా జారుతుంది. గాలి దాన్ని గీతలు గీతలుగా, మెట్లు మెట్లుగా చెక్కి ఉంటే మాత్రం తేలికపాటి వెడల్పు స్కీ కొసలు ప్రతి మెట్టుకూ ఎగిరెగిరి పడతాయి. స్కీకన్నా ముందు ఆలోచించాల్సిన విషయం ఇక్కడ ఒకటుంది. హిమపాతంగా, అంటే మంచు చరియలుగా, తెగిపడేవి తరచు ఈ గాలి పలకలే. దాని గురించి తర్వాత చెబుతాను.

మధ్యాహ్నానికి పొడి మంచు పొడి మంచుగా మిగలదు. పదిమంది దిగేసరికి అది గాళ్లు, దిబ్బలు, మధ్యలో అక్కడక్కడా మెత్తని గుంటలుగా మారుతుంది. స్కీ చేసేవారు దీన్ని క్రడ్ అంటారు. ఈ మంచులో వెడల్పు ఒక్కటే సరిపోదు, బరువు కావాలి, బిగువు కావాలి. లోపల లోహపు రేకు వేసి గట్టిగా చేసిన వెడల్పు స్కీ దిబ్బలను చీల్చుకుని పోతుంది. మెత్తగా, తేలిగ్గా చేసిన వెడల్పు స్కీకి తగిలే వైశాల్యం ఎక్కువ, ఎదిరించే బరువు తక్కువ. ప్రతి దిబ్బా దాన్ని పక్కకు తోస్తుంది. ఒకే వెడల్పున్న రెండు స్కీలు ఒకే వాలు మీద ఇంత వేరుగా నడవడానికి కారణం అదే. కాబట్టి వెడల్పు అంకె ఒక్కటే చూసి స్కీని ఎంచుకోకూడదు.

అడవిలోకి దిగాక అన్నిటికన్నా చెడ్డ మంచు ఎదురవుతుంది. ఎండకు పైపొర కరిగి, నీడ పడగానే మళ్లీ గడ్డకడుతుంది. పైన పెళుసు పెంకు, కింద మెత్తని మంచు. పెంకు మనిషి బరువును ఆపినట్టే ఆపి ఉన్నట్టుండి విరుగుతుంది. సన్న స్కీ పెంకును పగలగొట్టి కిందికి దూరుతుంది, మలుపు తిప్పబోతే అంచు పెంకు కింద ఇరుక్కుంటుంది. మోకాళ్లు మెలిపడి గాయాలయ్యేది ఇలాంటి చోటే. వెడల్పు స్కీ పెంకు పైనే నిలిచే అవకాశం ఎక్కువ. విరిగినా రాకర్ ఉన్న కొస ఇరుక్కోకుండా పైకి వస్తుంది. ఈ మంచులో వెడల్పు స్కీ సుఖం ఇవ్వదు కానీ ప్రమాదం తగ్గిస్తుంది. నా దృష్టిలో పౌడర్‌లో తేలడం కన్నా దాని విలువైన గుణం ఇదే.

ఇక కొంగ్‌డూరి వాలు మీదకు వద్దాం. ఇక్కడ యంత్రంతో అణచిన గట్టి మంచు. కథ తిరగబడేది ఇక్కడే. గట్టి మంచు మీద స్కీ తిరగాలంటే దాన్ని పక్కకు వంచి ఇనుప అంచు మీద నిలబెట్టాలి. అంచు మంచును పట్టుకోవాలి. 66 మిల్లీమీటర్ల స్కీలో ఆ అంచు పాదం మధ్యగీతకు 33 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. 116 మిల్లీమీటర్ల స్కీలో 58 మిల్లీమీటర్ల దూరంలో. మంచు పైకి తోసే బలం ఎంత దూరం నుంచి పనిచేస్తే మోకాలికీ చీలమండకూ అంత మెలి. ఒక అంచు మీద నుంచి రెండో అంచు మీదకు మారడానికీ అంత ఆలస్యం. వెడల్పు మారితే మోకాలి కదలిక కూడా మారుతుందని స్లొవేనియా పరిశోధకులు 2015లో కొలిచి చూపించారు. పైగా రాకర్ వల్ల స్కీ కొసలు నేలను తాకవు. అంటే నేలను పట్టే అంచు పొడవు తగ్గిపోతుంది. గాల్లో ఉన్న ముందుకొస టపటపా కొట్టుకుంటుంది.

మెత్తగా అణచిన వాలు అయితే నేర్పరి వెడల్పు స్కీతోనూ నెట్టుకొస్తాడు. రాత్రి గడ్డకట్టి, గాజులా మెరిసే మంచు అయితే వదులుకోవడమే మేలు. అక్కడ పదునైన అంచున్న సన్న స్కీకే నిలకడ. వెడల్పుగా ఉంటే పడిపోమనే నమ్మకం ఇక్కడ పూర్తిగా తప్పు.

కిందికి, తంగ్‌మార్గ్ వైపు దిగేకొద్దీ మంచు తడిసి బరువెక్కుతుంది. తడి మంచులో సన్న స్కీ కూరుకుపోయి కదలదు. వెడల్పు స్కీ దాని మీద తేలుతుంది. అయితే అడుగుభాగం ఎక్కువ కావడంతో తడి పీల్చుకుని అంటుకునే చోటూ ఎక్కువే. మైనం సరిగ్గా పట్టించకపోతే ఒక్కోసారి బ్రేకు వేసినట్టు ఆగి, మనిషిని ముందుకు విసురుతుంది.

మార్చి నెలలో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే మంచుకు ఒక వేళాపాళా ఉంటుంది. పొద్దున్నే రాయి. పొద్దెక్కాక పైన అంగుళం మేర మెత్తబడుతుంది, అప్పుడు ఏ స్కీ అయినా హాయిగా నడుస్తుంది. మధ్యాహ్నం దాటితే గుజ్జు. పొద్దుటి రాయి మీద వెడల్పు స్కీ శిక్ష. మధ్యాహ్నపు గుజ్జులో వరం. ఒకే వాలు, ఒకే రోజు, ఒకే స్కీ. గడియారాన్ని బట్టి తీర్పు మారిపోయింది.

ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వచ్చి హొక్కైడోలో తేలికపాటి పొడి మంచును తెరిపి లేకుండా కురిపిస్తుంది. అక్కడి నిసెకోలో పౌడర్ స్కీ దాదాపు నిత్యావసరం. అమెరికాలోని యూటాలో పడే మంచులో నీటి పాలు సగటున ఎనిమిదిన్నర శాతం దగ్గర. కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలో పన్నెండు శాతం చేరువ. సియెర్రా మంచును అక్కడివారు సిమెంటు అని వెక్కిరిస్తారు. విచిత్రమేమిటంటే, యూటా తేలిక మంచులో ఒక మోస్తరు స్కీతోనూ గడుస్తుంది, సియెర్రా బరువు మంచులోనే వెడల్పు ఎక్కువ అక్కరకొస్తుంది. తేలిక మంచు సన్న స్కీని పక్కకు తప్పుకుని పోనిస్తుంది. బరువు మంచు పట్టుకుని వదలదు. వెడల్పు స్కీ అంటే పొడి మంచు కోసమే అనే మాట అందువల్ల సగమే సరి.

వెడల్పు చేయలేని పనులు కూడా చెప్పాలి. అది హిమపాతాన్ని ఆపదు. పలకలుగా తెగే హిమపాతాలు ఎక్కువగా ముప్ఫై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలుల మీదే తెగుతాయి. పౌడర్ స్కీ చేసేవారికి ఇష్టమైన వాలులూ అవే. ఒకప్పుడు లోతు మంచులో దిగాలంటే ఏళ్ల తరబడి సాధన కావలసి వచ్చేది. ఆ ఏళ్లలో కొండను చదవడం కూడా అబ్బేది. ఇప్పుడు వెడల్పు స్కీ ఆ కష్టాన్ని తేలిక చేసింది. కాలికి నేర్పు తొందరగా వస్తోంది, కంటికి రావడం లేదు. గుల్మార్గ్ హద్దులు దాటిన వాలుల మీద ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మంచు కింద ఉన్నవారి జాడ చెప్పే బీకన్, మంచులో పొడిచి వెతికే ప్రోబ్, తవ్వడానికి పార, ఈ మూడూ లేకుండా, వాటిని వాడటం రాకుండా అటు వెళ్లకూడదు. కొమ్మల కింద చెట్టు మొదలు చుట్టూ ఏర్పడే బోలు గోతుల్లో తలకిందులుగా పడితే తనంతట తాను బయటపడటం చాలా కష్టం. కాబట్టి అడవిలో జంటగానే దిగాలి.

చిన్న సంగతులు రెండు. బైండింగుకు ఉండే బ్రేకు స్కీ నడుముకు సరిపడా వెడల్పుగా ఉండాలి, లేకపోతే స్కీ అంచుకు తగిలి కిందికి దిగదు. లోతు మంచులో పడ్డప్పుడు ఊడిన స్కీ మంచు కిందే జారిపోయి కనిపించకుండా పోతుంది. దానికి ఒక రంగు పట్టీ కట్టుకుంటే వెతుక్కోవడం సులభం. కొండ ఎక్కి దిగేవారికి మరో మాట. వెడల్పు జత బరువు చాలావరకు నాలుగు కిలోల పైమాటే. ఎక్కేటప్పుడు అడుగడుగునా దాన్ని మోయాలి.

మరి ఏది తీసుకోవాలి? మొదటిసారి నేర్చుకునేవారికి 70 నుంచి 85 మధ్య నడుమున్న స్కీ చాలు. అంచు మీద నిలబడటం అంటే ఏమిటో పాదానికి నేర్పేది అదే. చదును వాలు మీద ధీమా వచ్చి, పక్కనున్న మెత్తని మంచు పిలుస్తుంటే 95 నుంచి 105 మధ్య చూడండి. అది అన్నిటా మొదటి ర్యాంకు తెచ్చుకోదు, ఎక్కడా తప్పదు. 110 దాటినవి లోతు మంచు ఉన్న రోజుల కోసం, ఆ మంచులోకి తీసుకెళ్లే గైడు వెంట ఉన్నవారి కోసం. ముందుగా డబ్బు పోసి కొనకండి. 2024 జనవరిలో గుల్మార్గ్ బయలు మంచు లేక గోధుమ రంగులో ఎండి కనిపించింది. మంచు నెలాఖరుకు గాని రాలేదు. అలాంటి ఏడాది పౌడర్ స్కీ మోసుకెళ్లినవారికి మోత కూలీయే మిగులుతుంది. అక్కడికి చేరి, ఆ పూట మంచు ఎలా ఉందో చూసి, అద్దెకు తీసుకోండి. మధ్యాహ్నం మంచు మారితే స్కీ మార్చుకోండి. హద్దు తాడు దాటే ముందు మాత్రం ఆ రోజు హిమపాత హెచ్చరిక చదవండి, స్థానిక గైడును అడగండి. వద్దంటే వెనక్కి రండి.